నూట నలభై మూడో నంబరు గుడ్డ

జానీబీ పొద్దున ఆరింటికి మిరపకాయల కొట్టులో తొడిమలు తీయడానికి కూచుంటే ఒంటిగంటకి లేచేది. ఇంటికొచ్చి పుల్లమజ్జిగలో మోచేతుల దాకా చేతులు ముంచి కాసేపు కళ్ళు మూసుకునేది. మంట చల్లారాక కుంకుడురసంతో కడిగి, ఆముదం రాసి, ఆ జిడ్డు పోయేదాకా పాతగుడ్డతో తుడిచి, కూతురు కరీమున్ వండిపెట్టిన జొన్నన్నం నాలుగు ముద్దలు తిని, చర్చి పక్క రేకుల షెడ్డులో జరిగే కుట్టు క్లాసుకి వెళ్ళేది. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో కారం ఉండనే ఉండేది. జయకుమారి అనే పిల్ల ఒకసారి పొరపాటున జానీబీ రుమాలుతో కళ్ళు తుడుచుకుని సాయంత్రం దాకా ఏడ్చింది. ఆనాటి నుంచి చాప మీద జానీబీకి అటూ ఇటూ ఎవరూ కూచోలేదు.

అది పందొమ్మిది వందల యాభై తొమ్మిది. క్లాసులో ఉన్న పద్దెనిమిది మందిలో పదిహేడు మంది లంగా ఓణీల పిల్లలు. జానీబీకి ముప్పై తొమ్మిది. పాఠం చెప్పే ప్రేమమ్మ టీచరుకే ఇంకా ముప్పై నిండలేదు. చేరిన రోజున పట్టీలో పేరు రాస్తూ ఆమె తలెత్తి, "కూతుర్ని చేర్పిద్దామని వచ్చావా అమ్మా?" అని అడిగింది.

"కాదు టీచరమ్మా, నేనే."

"ఇంతకుముందు సూది పట్టావా?"

"దబ్బనం పట్టానండి. పరుపులు కుట్టాను."

పిల్లలు నవ్వారు. ప్రేమమ్మ నవ్వలేదు. జానీబీ మొగుడు ఇమాం హుస్సేన్ దూది ఏకేవాడు. చిలకలూరిపేట చుట్టుపక్కల పదిహేను ఊళ్ళలో అతను ఏకిన దూదితో ఆమె కుట్టిన పరుపులే. దూది నలుసు ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గీ దగ్గీ అతను పోయి అప్పటికి ఆరేళ్ళు. రెండేళ్ళ ఎంబ్రాయిడరీ కోర్సు పాసైతే ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరు పని వస్తుందనీ, మొగుడు లేనివాళ్ళకైతే నలభై రెండేళ్ళ దాకా తీసుకుంటారనీ ఎవరో చెప్తే విని వచ్చింది. కరీమున్‌ని మిరపకాయల కొట్టు గడప తొక్కనివ్వకూడదు. ఆమెకున్న ఆశల్లా అదే.

కాడకుట్టు నాలుగు రోజుల్లో పట్టుకుంది. గొలుసుకుట్టు వారంలో వచ్చేసింది. మూడో నెలలో ప్రేమమ్మ మల్లెమొగ్గల డిజైను ఇచ్చింది. జానీబీ కుట్టిన మొగ్గలు మూడో రోజుకి విచ్చుకున్నాయి. అయిదో రోజుకి వాడి, గోధుమరంగుకి తిరిగాయి.

"నీ గుడ్డ కుట్టిన సాయంత్రమే తెచ్చి చూపించు జానీబమ్మా. ఆలస్యమైతే నేను మార్కులు వెయ్యలేను," అంది ప్రేమమ్మ. అలాగే తెచ్చి చూపించేది.

ఆమె కుట్టినవి ఎవరైనా చూస్తుండగా కదిలేవి కావు. మడిచి బీరువాలో పెట్టాక, వాటి కాలానికి అవి పెరిగేవి. కాకరతీగ ఒకటి పక్కనున్న జయకుమారి గుడ్డ మీదికి పాకితే ఆ పిల్ల ఫిర్యాదు చేసింది. "కత్తెర తీసుకుని నీ గుడ్డ మీదున్నంత వరకూ కత్తిరించుకో. పిందెలుంటే ఉంచుకో, బావుంటాయి," అంది టీచరు. రెండో ఏడు దిండు గలీబు మీద కుట్టిన చిలక, పెట్టెలో కింద ఉన్న గలీబు మీదికి దిగి కూచుంది. దాని మీద జాంపండు ఉంది మరి. బజారువీధిలో పెళ్ళివాళ్ళు వచ్చి, ముహూర్తం నాటికి పండేటట్టు రవికె చేతుల మీద మామిడికాయలు కుట్టించుకునేవాళ్ళు. ఎన్నాళ్ళు ముందు కుట్టాలో ఆమెకి లెక్క తెలుసు.

పొరుగింటి అమీర్‌బీ ఒక్కతే హెచ్చరించింది. "చెట్లూ కాయలూ కుట్టుకోవే జానీ. మనుషుల మొహాలు మాత్రం కుట్టకు. ఖయామత్ నాడు లెక్క చెప్పుకునేటప్పుడు వాటికి ప్రాణం పొయ్యమంటారు."

"నేనెందుకు కుడతాను అక్కా?" అంది జానీబీ.

ఆ మాట నిజంగానే అంది. కాని అరవై ఒకటి ఏప్రిల్లో పరీక్షలొచ్చాయి. హైదరాబాదులో పరీక్షల ఆఫీసు నుంచి నంబర్లు ముద్ర వేసిన తెల్లగుడ్డలు పార్శిల్లో దిగాయి. జానీబీది నూట నలభై మూడు. పది రోజుల్లో కుట్టి, టీచరు చేత తిరిగి పంపించాలి. డిజైన్లు రెండు, ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకదాంట్లో ఒక తల్లి గడపలో కూచుని కూతురికి తల దువ్వుతుంటుంది. రెండోదాంట్లో జామచెట్టు కింద ఒక చిన్నపిల్ల కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది.

"మనుషులు లేని డిజైను లేదా టీచరమ్మా?"

"లేదమ్మా. ఈ ఏడు ఇవే."

రెండు మొహాల కంటే ఒక మొహం నయం అనుకుంది జానీబీ. పిల్ల ఒక్కతే ఉన్న డిజైను దించుకుంది. ముందు చెట్టు కుట్టింది, తర్వాత పిల్ల పరికిణీ, చేతులు, జడ. మొహం తొమ్మిదో రోజు వరకూ ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు కళ్ళు, ఒక ముక్కు, గీతలా నోరు కుట్టి ముగిద్దామని కూచుంది. సూది దాని దారిన అది పోయింది. లేచి చూసుకునేసరికి ఎడమబుగ్గ మీద పుట్టుమచ్చతో సహా లాల్‌బీ మొహం ఉంది.

లాల్‌బీ ఆమె పెద్దకూతురు. పదేళ్ళ కిందట, అయిదేళ్ళ వయసులో, మశూచి వచ్చి పోయింది. అప్పుడు కరీమున్‌కి రెండేళ్ళు. కరీమున్‌కి అక్క ఉండేదని తెలుసు తప్ప అక్క తెలియదు.

"అంచు మడిచి కుట్టాలి. ఇంటికి తీసుకెళ్ళి తెస్తా," అంది జానీబీ. ప్రేమమ్మ నమ్మింది. సోమవారం పొద్దున పార్శిలు కడతానని చెప్పింది.

శుక్రవారం నుంచి ఆ గుడ్డ ఇంట్లో ఉంది. జానీబీ దాన్ని తన దిండు మీద పరిచింది. శనివారం కొట్టుకి వెళ్ళలేదు. లాల్‌బీ మెడలో పసుపుదారంతో పూసలు కుట్టింది, చేతులకి ఎర్రగాజులు కుట్టింది. పరికిణీ అంచుకి మిగిలిన జరీపోగంతా పెట్టేసింది. కరీమున్ వేసుకున్న పరికిణీకి మూడుచోట్ల అతుకులు.

"అన్నం తినమ్మా," అంది కరీమున్.

"నెమ్మదిగా మాట్లాడవే. నిద్రపోతోంది."

ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ప్రేమమ్మ ఇంటికొచ్చింది. "గుడ్డ ఏది జానీబమ్మా?"

"నేను పరీక్ష మానేస్తున్నా టీచరమ్మా."

"రెండేళ్ళు చదివి ఇప్పుడా? పై ఏటికి నీకు వయసు సరిపోయినా ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటుందనుకుంటున్నావా? ఈ పిల్లనేం చేస్తావు?"

"నాతోపాటు కొట్టుకి వస్తుంది."

తలుపు పక్కన నిలబడ్డ కరీమున్‌కి అన్నీ వినబడ్డాయి. అమ్మ ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఏడో తరగతి పుస్తకాలు అప్పటికే అడిగి తెచ్చుకుని గూట్లో పెట్టుకుంది కరీమున్.

సోమవారం పొద్దున జానీబీ కొట్టుకి వెళ్ళాక ఆ పిల్ల దిండు మీద గుడ్డ తీసింది. చాలాసేపు చూసింది. తన పోలికే. తనకంటే చిన్నది, తనకంటే మంచి పరికిణీ. నాలుగు మడతలు పెట్టి, పరుగున వెళ్ళి ప్రేమమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మ పంపిందా?"

"పంపిందండి."

మధ్యాహ్నం జానీబీ వచ్చి దిండు చూసింది. పెట్టె వెతికింది. ఏమీ అడగకుండానే షెడ్డుకి పరుగెత్తింది, అక్కడి నుంచి పోస్టాఫీసుకి. సంచి బస్సెక్కేసిందన్నారు. తిరిగొచ్చి గడపలో కూచుంది. మజ్జిగలో చేతులు ముంచుకోవడం కూడా మర్చిపోయింది.

"నేనే ఇచ్చానమ్మా. నీకు ఉద్యోగం వస్తుందని," అంది కరీమున్.

"వచ్చిద్ది," అంది జానీబీ.

వచ్చింది. జూన్‌లో పాసైనట్టు కాగితం, జూలైలో ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరు పని. మిరపకాయల కొట్టు నుంచి బడికి వెళ్ళిన మొదటి మనిషి అని వీధి వీధంతా చెప్పుకుంది. గోళ్ళ సందుల్లో కారం నాలుగు నెలలకి పోయింది. కరీమున్ ఏడో తరగతి చదివింది. జానీబీ ఆ పిల్లకి పుస్తకాలు కొంది, కొత్త పరికిణీలు కుట్టించింది, రోజూ రెండు పూటలా అన్నం పెట్టింది. "తిను", "పడుకో", "తలుపు వెయ్యి" అనే మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఆ ఏడంతా ఆమె తన కోసం ఒక్క పోగు కూడా కుట్టుకోలేదు. బళ్ళో పిల్లలకి నేర్పేటప్పుడు కూడా కుట్టు సగంలో ఆపి, మిగతాది వాళ్ళచేత వేయించేది.

పరీక్ష గుడ్డలు తిరిగివ్వరని అందరికీ తెలుసు. అయినా అరవై రెండు మే నెల సెలవుల్లో జానీబీ హైదరాబాదు బయల్దేరింది. ఒంటరిగా వెళ్ళడానికి భయపడి కరీమున్‌ని తీసుకెళ్ళింది. బెజవాడలో బండి మారారు. ఆఫీసులో గుడ్డలు చూసే గుమస్తా సత్తెనపల్లి ఆయన, వెంకయ్య గారని ప్రేమమ్మ చెప్పి, చీటీ రాసిచ్చింది.

"తీసుకెళ్ళనండి. ఒక్కసారి చూసి పోతాను," అంది జానీబీ.

వెంకయ్య చీటీ చదివి, మనవైపు మనిషే కదా అని జాలిపడి, లోపలి గదిలోకి తీసుకెళ్ళి మూట విప్పాడు. నూట నలభై మూడో నంబరు తీసి బల్ల మీద పరిచాడు.

జామచెట్టు ఏపుగా పెరిగి కాయలు కాసింది. రెండు పళ్ళు రాలి కింద పడి ఉన్నాయి. పిల్ల లేదు. పిల్ల నిలబడ్డ చోట చిన్న చిన్న సూది రంధ్రాలున్నాయి.

"వెళ్ళిపోయినట్టుందే," అన్నాడు వెంకయ్య. ఆయనకి ఇలాంటివి కొత్త కాదో, కొత్తయినా తన పని కాదనుకున్నాడో తెలియదు. "దూరం పోయుండదమ్మా. మూట కట్టే ఉంది కదా." ఒక్కొక్క గుడ్డా తీసి చూడటం మొదలుపెట్టాడు.

నూట యాభై ఒకటిలో దొరికింది.

అది తల్లీకూతుళ్ళ డిజైను. గడపలో తల్లి కూచుని ఉంది. ఆ తల్లిని కుట్టిన చెయ్యి గొప్ప చెయ్యి. మోకాళ్ళ దగ్గర చీర కుచ్చెళ్ళు, ముంజేతి మీద నరాలు, దువ్వెన పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. కాని ఆ కుట్టిన మనిషికి టైము చాలలేదో, చేతులు రాలేదో, కూతుర్ని కుట్టకుండా పెన్సిలు గీతలోనే వదిలేసింది. ఆ ఖాళీలో లాల్‌బీ వచ్చి కూచుంది. అచ్చంగా సరిపోయింది. ఆరేళ్ళు వచ్చాయి, ముందు పన్ను ఒకటి ఊడింది. నూనె రాసి, పాయ తీసి, సగం జడ వేసి ఉంది తలకి. నోరంతా తెరిచి నవ్వుతోంది. కళ్ళు మాత్రం పక్కకి తిరిగి, దువ్వుతున్న ఆమె వైపే ఉన్నాయి.

జానీబీ వంగి చూసింది. ముట్టుకోలేదు.

"నేను ఈ డిజైను తీసుకోవాల్సిందండి. ఒక మొహం చాలనుకున్నా," అంది చివరికి.

వెంకయ్యకి ఇంకో దిగులు పట్టుకుంది. "అమ్మా, వచ్చే నెల గుడ్డలన్నీ మళ్ళీ పట్టీతో సరిచూస్తారు. నీ గుడ్డ మీద పిల్ల లేకపోతే నీ పాసు నిలవదు. పాసు నిలవకపోతే ఉద్యోగం నిలవదు." ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యొచ్చు. ఈ రెండు గుడ్డల నంబర్లు మార్చి వేస్తాను. ఇది నీ నంబరవుతుంది. పిల్లా ఉంటుంది, తల్లీ ఉంటుంది. నీకే ఇబ్బందీ ఉండదు."

"ఈ గుడ్డ ఎవరిదండీ?"

ఆయన పట్టీ తిరగేశాడు. "అంకమ్మ. ఒంగోలు పక్క. వయసు నలభై. పిల్లను కుట్టలేదని ఫెయిల్ చేశారు. మళ్ళీ చూడమని అర్జీ పెట్టుకుంది. ఇప్పుడు చూస్తే పాసవుద్ది. నంబరు మారిస్తే ఎలాగూ ఫెయిలే కదా, ఆమెకి కొత్తగా పోయేదేముంది?"

"మార్చమనమ్మా," అంది కరీమున్.

జానీబీ వినిపించుకోలేదు. పాయ తీసిన తల వంకే చూస్తోంది. "నేను చెట్టు కింద ఒక్కదాన్నీ నిలబెట్టి వదిలేశాను. ఈమె ఎవరో దానికి తల్లిని కుట్టింది. ఈమె చేతికి ఆ ఖాళీగుడ్డ ఎలా ఇమ్మంటారండీ?"

"బాగా ఆలోచించుకో."

"నాది ఖాళీదేనండి. అట్లాగే ఉండనివ్వండి."

"మరి నేనో?" అంది కరీమున్. గట్టిగానే అంది. పక్కగదిలో ఎవరో టైపు కొడుతూ ఆపారు.

"నీకు నేనున్నాగా."

"ఎప్పుడున్నావు?"

వెంకయ్య మూట కట్టేశాడు. ముందు నూట నలభై మూడు, ఎక్కడో కింద నూట యాభై ఒకటి. తిరుగుబండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూచుని బెజవాడ దాకా కిటికీలోంచి చూశారు.

ఆగస్టులో పాసు రద్దయిందని కాగితం వచ్చింది. ప్రేమమ్మ ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాసింది, జవాబు రాలేదు. అసలేం జరిగిందని ఆమె అడిగితే జానీబీ, "గుడ్డ సరిగా లేదంట టీచరమ్మా," అని ఊరుకుంది. నూట యాభై ఒకటి సంగతి ఊళ్ళో తల్లీకూతుళ్ళిద్దరికే తెలుసు. వాళ్ళు దాని గురించి మాట్లాడుకోలేదు. సెప్టెంబరులో జానీబీ మళ్ళీ మిరపకాయల కొట్టులో కూచుంది. వయసు దాటింది కాబట్టి మళ్ళీ పరీక్ష అన్న మాటే లేదు. కరీమున్ ఎనిమిదో తరగతి మధ్యలో ఆపి జిన్నింగు మిల్లులో పత్తిలో పుల్లా ఆకూ ఏరడానికి వెళ్ళింది. కొట్టుకి మాత్రం పంపనని జానీబీ పట్టుపట్టింది. రెండు నెలలకి ఆ పిల్లకి దగ్గు మొదలైంది. ఇమాం హుస్సేన్ దగ్గినట్టే, తెల్లారుజామున, వరసగా.

మరుసటేడు జూన్ మొదటివారంలో ప్రేమమ్మ సంతోషంగా వచ్చింది.

"జానీబమ్మా, సత్తెనపల్లి బడికి కొత్తగా కుట్టు టీచరమ్మ వచ్చింది. ఒంటరి మనిషి, పిల్లలు లేరు. ఇంట్లో తోడుగా ఒక ఆడపిల్లుంటే బళ్ళో వేసి చదివిస్తానంటోంది. కరీమున్ గురించి చెప్పాను. మంచి మనిషి, ఒంగోలు వైపు. అంకమ్మ గారని."

జానీబీ మజ్జిగ గిన్నెలోంచి చేతులు తీయలేదు. కరీమున్ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది.

"పేరేమన్నారండీ?" అంది జానీబీ.

"అంకమ్మ. ఏం, నీకు తెలుసా?"

"తెలవదు."

కరీమున్‌కి దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. అది ఆగేదాకా జానీబీ ఆ పిల్ల వంక చూస్తూ ఉంది. కూతుర్ని అంతసేపు చూడటం రెండేళ్ళలో అదే మొదటిసారి.

"వెళ్తావా?"

అమ్మ ఇంకో మాటేదైనా అంటుందేమోనని కరీమున్ ఆగింది. వద్దనొచ్చు. కనీసం నీ ఇష్టం అనొచ్చు. జానీబీ చేతులు గిన్నెలో ఇంకా లోపలికి ముంచింది.

"వెళ్తా," అంది కరీమున్.

బస్సు దగ్గరకి ప్రేమమ్మే వచ్చింది. ఆ రోజు మిరపకాయల బస్తాలు దిగాయని జానీబీ కొట్టు నుంచి రాలేదు.

సత్తెనపల్లిలో అంకమ్మ ఇల్లు రెండు గదులు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తెల్లారి లేచి పిల్లకి వేడినీళ్ళు పెట్టింది, దగ్గుకి మిరియాల కషాయం కాచి తాగించింది, బళ్ళో ఎనిమిదో తరగతిలో చేర్పించింది. మిల్లు దుమ్ము వదిలాక నెల తిరిగేసరికి దగ్గు తగ్గిపోయింది. కరీమున్ ఒళ్ళు చేసింది. అంత తేలిగ్గా తగ్గిపోయినందుకు ఆ పిల్లకి కోపం కూడా వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంకమ్మ చాప వేసి, ఫ్రేముకి తెల్లగుడ్డ బిగించి ఆ పిల్ల చేతికిచ్చింది.

"కాడకుట్టుతో మొదలుపెడదాం. భయపడకు. నాకు నలభై ఏళ్ళొచ్చాక వచ్చింది ఈ విద్య." సూదిలోకి దారం ఎక్కిస్తూ తనలో తను నవ్వుకుంది. "నిజం చెప్తున్నా, నేను ఎట్లా పాసయ్యానో నాకే తెలియదు. పరీక్షలో తల్లిని కుట్టాను గాని, పిల్లను కుట్టడానికి చెయ్యి రాలేదు. ఊరికే వదిలేసి ఇచ్చేశాను. ముందు తప్పిందన్నారు. ఏడాదికి పిలిచి, పాసయ్యావు, పిల్లను బాగా కుట్టావు అన్నారు. ఆ పిల్ల ఎలా ఉందో నేను చూడనేలేదు."

కరీమున్ తల వంచుకుని గుడ్డ సరిచేసుకుంటోంది.

"మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?"

"మిరపకాయలకి తొడిమలు తీస్తుందండి."

"ఆమెకి కుట్టు వచ్చా?"

కరీమున్ సూది అందుకుంది.

"రాదండి," అంది.